థాంక్స్‌గివింగ్ విందుకు ఎన్ని పౌండ్ల టర్కీ కావాలి?

అమెరికాలో ఏటా నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ విందుకు టర్కీ కోడి కొనబోయే ఇంట్లో ముందుగా తేలాల్సిన విషయం దాని బరువు. దుకాణంలోని ఫ్రీజర్ పెట్టెలో 10 పౌండ్ల కోడి పక్కనే 24 పౌండ్లది కూడా ఉంటుంది. ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికి అక్కడి ఇళ్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఒకటి ఉంది: మనిషికి ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాములు. మొత్తం కోడి కొనేవారికి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే కొలత కూడా ఇదే. మర్నాటికి కొంత మిగలాలనుకునేవారు దాన్ని పౌండున్నర చేసుకుంటారు. 14 మంది వచ్చే విందుకు మొదటి లెక్కన 14 పౌండ్లు, రెండో లెక్కన 21 పౌండ్లు అవుతాయి. ఈ ఏడు పౌండ్ల తేడా ప్రభావం ఖర్చు దగ్గరే ఆగిపోదు. కోడి ఓవెన్‌లో ఉండాల్సిన గంటలు, ఫ్రిజ్‌లో అది ఆక్రమించే అర, మంచు కరగడానికి పట్టే రోజులు, విందు అయ్యాక మిగిలిన మాంసం ఏమవుతుందన్నది, ఇవన్నీ దాన్ని బట్టే మారిపోతాయి. అందువల్ల ఆ పౌండు లెక్కలో ఏముందో విప్పి చూడటం అవసరం.

ముందుగా గమనించాల్సింది, సంచి మీద రాసి ఉన్న బరువులో తినే మాంసం సగం కూడా ఉండదన్నది. 15 పౌండ్ల కోడిని తీసుకుందాం. దాని పొట్టలో చిన్న కాగితపు సంచిలో పెట్టి ఉండే మెడ, గుండె, కార్జం, కందనకాయ కూడా ఆ బరువులోనే కలిసి ఉంటాయి. గ్రేవీకి పనికివస్తాయే గానీ పళ్లెంలో ముక్కలుగా లెక్కకు రావు. ఫ్రీజర్‌లో దొరికే చాలా రకాలకు ఉప్పు కలిపిన నీటి ద్రావణాన్ని ముందే మాంసంలోకి ఎక్కిస్తారు. ఇది ఎంత శాతం ఉందో లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొన్నిటికి 8 శాతం దాకా ఉంటుంది. అంటే 15 పౌండ్లలో పౌండుకు పైగా మాంసం ధరకు కొన్న నీరే కావచ్చు. ఇక ఓవెన్‌లో వేగేటప్పుడు నీరు ఆవిరై, కొవ్వు కరిగి, పచ్చి బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. చివరికి ఎముకల గూడు మిగులుతుంది. ఇవన్నీ పోగా కోసి పళ్లెంలో పెట్టగలిగేది పచ్చి బరువులో 45 శాతం చుట్టుపక్కల ఉంటుందని అనుకోవడం క్షేమం. 15 పౌండ్ల కోడి నుంచి వచ్చేది ఆరున్నర, ఏడు పౌండ్ల మాంసం, సుమారు మూడు కిలోలు.

ఇదే నిష్పత్తిని మనిషికి వర్తింపజేస్తే లెక్క తేటపడుతుంది. మనిషికి ఒక పౌండు పచ్చి కోడి కొంటే వండిన మాంసం దాదాపు 200 గ్రాములు వస్తుంది. థాంక్స్‌గివింగ్ బల్ల మీద టర్కీ ఒక్కటే ఉండదు. మెదిపిన బంగాళాదుంప, రొట్టె ముక్కలతో చేసే స్టఫింగ్, చిలగడదుంప, బీన్స్ వంటకం, క్రాన్‌బెర్రీ సాస్, వీటన్నిటి తర్వాత గుమ్మడికాయతో చేసే ‘పై’ అనే తీపి వంటకం కూడా వస్తుంది. ఇన్నిటి నడుమ పెద్దవారొకరు తినే మాంసం 150 నుంచి 180 గ్రాములు దాటడం అరుదు, పిల్లలైతే అందులో సగమే. కాబట్టి మనిషికి పౌండు అన్న కొలత చాలీచాలని కొలత అనుకోవడం పొరపాటు. ఆ పూటకు సరిపోయి కొద్దిగా మిగిలేలాగే అది ఉంది. పౌండున్నర కొలతలో మనిషికి 300 గ్రాముల వండిన మాంసం వస్తుంది. అంటే అదనంగా చేర్చిన అర పౌండంతా మర్నాటి కోసమే. రెండు కొలతల మధ్య తేడా అతిథుల ఆకలిది అనుకుని, ఎక్కడ తక్కువవుతుందోనన్న భయంతో పెద్ద కొలత వైపు మొగ్గే ఇళ్లే ఎక్కువ. నిజానికి ఆ తేడా శుక్ర, శని, ఆదివారాల భోజనాలది. మర్నాడు ఎవరు తింటారు, ఎన్ని పూటలు తింటారు అన్నది తేల్చుకోకుండా పౌండున్నర కొలత పట్టుకోవడంలో అర్థం లేదు.

ఈ లెక్కలో చిన్న కోడికి ఒక మినహాయింపు ఉంది. 12 పౌండ్ల లోపు కోడిలో మాంసంతో పోలిస్తే ఎముకల వాటా ఎక్కువ. ఎదిగిన కోడిలో గూడు పెరిగిన దానికన్నా ఎద మీద మాంసం ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి, 9 పౌండ్ల కోడి నుంచి 18 పౌండ్ల కోడిలో సగం మాంసం రాదు, అంతకన్నా కాస్త తక్కువే వస్తుంది. అందుకే ఆరేడుగురికి చిన్న కోడి తెచ్చుకునేవారు మనిషికి పౌండుంబావు దగ్గర లెక్క వేసుకోవడం మంచిది.

తెలుగువారి ఇళ్లలో కోడి కొనే అలవాటు ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. కిలో నాటుకోడి ముక్కలు పులుసు పెడితే నలుగురైదుగురికి సరిపోతుందని వంట తెలిసిన ప్రతి ఇంట్లోనూ చెబుతారు, అది నిజమే. అయితే అక్కడ ఎముకతో కలిపే వడ్డిస్తారు, అన్నంలో కలుపుకునేది ఎక్కువగా పులుసు, మాంసం ముక్కలు నంజుకున్నట్టే ఉంటాయి. టర్కీని ఎముక నుంచి విడదీసి పల్చటి ముక్కలుగా కోసి వడ్డిస్తారు. పళ్లెంలో ఎముక బరువు ఉండదు, కలుపుకోవడానికి పులుసూ ఉండదు. పులుసు కొలతతో టర్కీ కొంటే నిజంగానే తక్కువ పడుతుంది. ఒకసారి అలా తక్కువ పడిన తర్వాత మరుసటి ఏడాది భయపడి రెట్టింపు కొనడం కూడా సహజమే. రెండు తప్పులూ పుట్టేది పచ్చి బరువుకూ వండిన బరువుకూ మధ్య ఉన్న దూరాన్ని లెక్కించకపోవడం వల్లే.

అమెరికన్ సమాజంలో పెద్ద కోడి ఎంత మామూలు విషయమో చూపించే కొలత ఒకటి ఉంది. అమెరికన్ ఫార్మ్ బ్యూరో ఫెడరేషన్ అనే రైతు సంఘం 1986 నుంచి ఏటా థాంక్స్‌గివింగ్ విందు ఖర్చును లెక్కగట్టి ప్రకటిస్తోంది. పదిమందికి సరిపోయే ఆ విందులో టర్కీ బరువు 16 పౌండ్లు. అంటే మనిషికి 1.6 పౌండ్లు, వండిన మాంసం లెక్కన 325 గ్రాములు. పదిమందికీ తృప్తిగా పెట్టి మర్నాటికి కూడా బాగా మిగిలేటంత అని ఆ లెక్క ఉద్దేశం. ధరలను ఏడాదికీ ఏడాదికీ పోల్చి చూడటానికి ఇలా ఏటా మారని సరుకుల జాబితా ఒకటి ఉండటం అవసరమే. దానితో ఎవరికీ పేచీ ఉండనక్కర్లేదు. అయితే ధరల పోలికకు పెట్టుకున్న కొలత వంటింటి కొలతగా స్థిరపడిపోవడం బాగాలేదు. పదిమందిలో ముగ్గురు మాంసం ముట్టనివారైనా, ఇద్దరు నాలుగేళ్ల పిల్లలైనా 16 పౌండ్లే కొనాలన్న భావన అలాగే పాతుకుపోతుంది.

ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి వెనక నుంచి లెక్క వేసుకోవడం: వండిన మాంసం ఎంత కావాలో ముందు తేల్చుకుని, దాని నుంచి పచ్చి బరువుకు రావాలి. విందుకు 14 మంది వస్తున్నారనుకుందాం. వారిలో మాంసం తినే పెద్దవారు తొమ్మిది మంది, శాకాహారులు ముగ్గురు, చిన్నపిల్లలు ఇద్దరు. పెద్దవారికి మనిషికి 170 గ్రాముల చొప్పున 1,530 గ్రాములు, పిల్లలిద్దరికీ కలిపి 170 గ్రాములు. ఆ పూటకు మొత్తం 1,700 గ్రాములు. విందు ఇచ్చే ఇంట్లో నలుగురు ఉండి, మర్నాడూ ఆ తర్వాతి రోజూ ఒక్కో పూట తినాలనుకుంటే మనిషికి పూటకు 100 గ్రాముల చొప్పున మరో 800 గ్రాములు. మొత్తం రెండున్నర కిలోల వండిన మాంసం. 45 శాతం నిష్పత్తితో వెనక్కి లెక్కిస్తే పచ్చి కోడి ఐదున్నర కిలోలు, అంటే 12 పౌండ్ల పైచిలుకు. భద్రత కోసం ఒక పౌండు కలుపుకున్నా 13 పౌండ్లు. తలకు పౌండున్నర చొప్పున కొని ఉంటే ఇదే విందుకు 21 పౌండ్ల కోడి వచ్చి ఉండేది. మర్నాటికి ఏమీ అక్కర్లేదనుకునే ఇంట్లో ఇదే లెక్క ఎనిమిదిన్నర పౌండ్ల దగ్గర ఆగుతుంది. అంత చిన్న కోడికి ఎముకల వాటా ఎక్కువ కాబట్టి పదికి సర్దుకోవచ్చు.

మనిషికి 170 గ్రాములన్నది అందరికీ ఒకటే కాదన్నది నిజమే. బాగా తినే కుర్రవాళ్లు నలుగురున్న ఇంట్లో దాన్ని 230 చేసుకోవచ్చు, వృద్ధులు ఎక్కువగా ఉంటే 120కి తగ్గించవచ్చు. ఇక్కడ ముఖ్యం, సంఖ్య పెంచినా తగ్గించినా ఎందుకు పెంచుతున్నారో ఎందుకు తగ్గిస్తున్నారో కొనేవారికి తెలిసి ఉండటం. తలల లెక్కలో ఆ వీలు లేదు.

న్యూజెర్సీ, టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ సెలవుల్లో నాలుగైదు ఇళ్లవారు ఒకచోట కలిసి, తలా ఒక వంటకం తెచ్చుకుని విందు చేసుకోవడం సాధారణమైంది. అక్కడ లెక్క మరోలా ఉంటుంది. బల్ల మీద మేక బిర్యానీ ఉన్నప్పుడు, దాని పక్కన కోడి వేపుడు, గుత్తొంకాయ కూర, పులిహోర, పెరుగన్నం ఉన్నప్పుడు, టర్కీ మీదికి చాలామంది రుచి చూడటానికే వస్తారు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు పండగ కోడి కావాలని పట్టుబడతారు కాబట్టి అది ఉండి తీరాలి, కానీ 25 మంది ఉన్నారు కదా అని 25 పౌండ్ల కోడి తెస్తే మూడొంతులు అలాగే ఉండిపోతుంది. ఇలాంటి విందులో తినే పెద్దవారికి 80, 90 గ్రాముల వండిన మాంసం లెక్క వేసుకుంటే చాలు. మాంసాహారులు 16 మంది అనుకుంటే కిలోన్నర కూడా అవ్వదు. 8 పౌండ్ల కోడి దొరికితే అదే సరిపోతుంది, దొరకకపోతే ఎముకతో ఉన్న బ్రెస్ట్ ముక్క ఒకటి తెచ్చుకున్నా పని జరుగుతుంది. హలాల్ మాంసమే తినే కుటుంబాలు కూడా కలిసే చోట హలాల్ దుకాణంలో ముందే చెప్పి తెప్పించుకోవాల్సి ఉంటుంది. కావలసిన సైజు దొరకాలంటే రెండు మూడు వారాల ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఎంత మాంసం అన్నదానితోపాటు ఏ మాంసం అన్నది కూడా కొనుగోలును మారుస్తుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే టర్కీ దాదాపు అంతా బ్రాడ్ బ్రెస్టెడ్ వైట్ అనే జాతి. పేరుకు తగ్గట్టే దాని మాంసంలో ఎక్కువ భాగం ఎద మీదే ఉంటుంది. అమెరికన్లలో చాలామందికి ఆ తెల్ల మాంసమే ఇష్టం. మన ఇళ్లలో కోడి కూరకు కూర్చుంటే లెగ్ పీసు ఎవరికి అన్నదే మొదటి మాట. ఎంత పెద్ద టర్కీ కొన్నా దానికి కాళ్లు రెండే. కాలి మాంసం ఇష్టపడేవారు ఆరుగురున్నారని కోడి సైజు పెంచితే, పెరిగేదంతా వారు అడగని తెల్ల మాంసమే. దానికి బదులు మామూలు సైజు కోడి ఒకటి తెచ్చి, విడిగా అమ్మే కాళ్లు, తొడలు ఇంకొక ప్యాకెట్ తెచ్చుకోవడం తెలివైన పని. విడి ముక్కలు కోడికన్నా తొందరగా ఉడుకుతాయి, మసాలా కూడా లోపలికంటా పడుతుంది. తెల్ల మాంసమే కావాలనుకునే నలుగురైదుగురి ఇంట్లో మొత్తం కోడి అసలు అక్కర్లేదు. ఎముకతో ఉన్న బ్రెస్ట్ అయితే మనిషికి ముప్పావు పౌండు, ఎముక తీసినదైతే అర పౌండు చాలు.

ఇక పైహద్దు సంగతి. ఎంత కావాలన్న లెక్క ఒక పక్క నడుస్తుండగా, ఎంత సరిగ్గా వండగలం అన్నది దాన్ని అడ్డుకోవాలి. ఆ అడ్డు చాలామంది వేసుకోరు. టర్కీ ఎంత పెద్దదైతే వేడి దాని తొడ లోపలికి, ఎముక దగ్గరికి చేరడానికి అంత ఎక్కువ సేపు పడుతుంది. మాంసం అన్నిచోట్లా కనీసం 165 డిగ్రీల ఫారెన్‌హైట్, అంటే 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలని వ్యవసాయ శాఖ నియమం. లోపల స్టఫింగ్ కూరితే దాని మధ్య భాగం కూడా అంత వేడెక్కాలి. 325 డిగ్రీల ఫారెన్‌హైట్ ఓవెన్‌లో, స్టఫింగ్ లేకుండా, 8 నుంచి 12 పౌండ్ల కోడికి మూడు గంటల లోపు పడుతుంది. 14 నుంచి 18 పౌండ్లకు నాలుగు గంటల చుట్టుపక్కల. 20 నుంచి 24 పౌండ్లకు నాలుగున్నర నుంచి ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో తొడ లోపల వేడి 165కు చేరేలోగా, పైన ఉన్న ఎద మాంసం ఆ హద్దును ఎప్పుడో దాటిపోయి పొడిబారిపోతుంది. పెద్ద కోడి పొడిగా, పీచుపీచుగా ఉందని అతిథులు మొహమాటానికి మింగి ఊరుకుంటారు. ఎక్కువ మిగలడానికి అదొక కారణం కూడా. పైగా 22 పౌండ్ల కోడి ఇంటి ఓవెన్‌ను పూర్తిగా ఆక్రమించుకుంటుంది. అది బయటికి వచ్చేదాకా మరో వంటకానికి చోటు ఉండదు.

అందువల్ల 16 పౌండ్లను ఇంటి వంటకు పైహద్దుగా పెట్టుకోవడం మంచిది. లెక్క 20 పౌండ్లకు వస్తే 20 పౌండ్ల కోడి కన్నా 10 పౌండ్లవి రెండు, లేదా 14 పౌండ్ల కోడి ఒకటీ ఎముకతో ఉన్న బ్రెస్ట్ ఒకటీ అన్ని విధాలా మేలు. రెండు కోళ్లలో ఎముకల వాటా కాస్త ఎక్కువ కాబట్టి మొత్తం మీద ఒక పౌండు అదనంగా పడవచ్చు. దానికి ప్రతిగా నాలుగు కాళ్లు వస్తాయి, వేగే సమయం గంటన్నర, రెండు గంటలు తగ్గుతుంది; ఒకదానికి వెన్న, మూలికలు పట్టించి, ఇంకొకదానికి అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించే వీలు కూడా కలుగుతుంది. రెండింటినీ ఒకే ఓవెన్‌లో పక్కపక్కన పెట్టడానికి చోటు చాలకపోతే, ఒకదాన్ని ముందు వండి, ముక్కలు కోసి, కాస్త రసం పోసి మూతపెట్టి వేడిగా ఉంచుకోవచ్చు. ఆ వేడి 140 డిగ్రీల ఫారెన్‌హైట్ కన్నా తగ్గకుండా చూసుకోవాలి.

చిన్న కోడి కావాలన్న కోరిక ఈ కాలంలో పుట్టింది కాదు. 1930లలోనే అమెరికా వ్యవసాయ శాఖ దాన్ని గుర్తించింది. అప్పటి టర్కీలు చిన్న కుటుంబాలకూ, కొత్తగా వచ్చిన చిన్న ఓవెన్లకూ ఫ్రిజ్‌లకూ పెద్దవైపోతున్నాయని, మేరీలాండ్ రాష్ట్రంలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో ప్రత్యేకంగా ఒక చిన్న తెల్ల జాతిని తయారు చేశారు. బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ అని పిలిచిన ఆ జాతి 1940, 50లలో బాగా నడిచింది. ఇళ్లవారికి అది నచ్చినా, హోటళ్లకూ మాంసం ప్రాసెస్ చేసే సంస్థలకూ పెద్ద కోడే లాభం. పెంచేవారికి కూడా పిల్ల ఖరీదు ఒకటే అయినప్పుడు ఎక్కువ బరువు తూగేదే గిట్టుబాటు. 1970లు వచ్చేసరికి ఆ చిన్న జాతి మార్కెట్ నుంచి దాదాపు కనుమరుగైంది. 1960లో సగటున 15 పౌండ్లు తూగిన సజీవ టర్కీ ఇప్పుడు 30 పౌండ్లు దాటింది. పుంజుల్లో ఎక్కువ భాగం శాండ్‌విచ్ ముక్కలకూ కీమాకూ పోతుంది. ఇళ్లకు మొత్తం కోడిగా వచ్చేది ఎక్కువగా 16 పౌండ్ల లోపు పెట్ట. అంటే పెట్టెలో కనిపించే పెద్ద సైజులు ఇళ్ల అవసరాన్ని బట్టి పుట్టినవి కావు, పెంపకం లెక్కలను బట్టి వచ్చినవి. ఈ సంగతి తెలిస్తే ఆ పెట్టె ముందు పెద్దది తీసుకోకపోతే ఏదో లోటు చేస్తున్నామన్న బెంగ ఉండదు.

సైజును బట్టి మంచు కరిగే సమయం కూడా మారుతుంది. గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్‌లో పెట్టి కరిగిస్తే ప్రతి 4, 5 పౌండ్లకు ఒక రోజు పడుతుంది. 12 పౌండ్లకు మూడు రోజులు, 16కు నాలుగు, 20కి ఐదు. గురువారం పొద్దున ఓవెన్‌లోకి వెళ్లాల్సిన 20 పౌండ్ల కోడి అంతకు ముందు శుక్రవారమో శనివారమో ఫ్రిజ్‌లోకి దిగాలి. పాలు, కూరలు, పండగ సామాన్లతో ఫ్రిజ్ కిటకిటలాడే వారమంతా ఒక అర పూర్తిగా దానిదే. కరిగిన తర్వాత ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉన్నా ఇబ్బంది లేదు కాబట్టి ముందుగా దింపడమే నయం. ఆలస్యమైతే సంచితో సహా చల్లటి నీటిలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ, పౌండుకు అరగంట చొప్పున కరిగించవచ్చు. 12 పౌండ్లకు ఆరు గంటలు పడుతుంది, 20 పౌండ్లకైతే పది గంటలు. అప్పుడు వెంటనే వండేయాలి. వంటగది గట్టు మీద రాత్రంతా వదిలేయడం మాత్రం ఎప్పటికీ పనికిరాదు: లోపల ఇంకా గడ్డకట్టి ఉండగానే పైభాగం 40 డిగ్రీల ఫారెన్‌హైట్ దాటి, బ్యాక్టీరియా పెరిగే వేడిలోకి వచ్చేస్తుంది. గడ్డకట్టని ‘ఫ్రెష్’ కోడి కొంటే ఈ శ్రమ తప్పుతుంది. 26 డిగ్రీల ఫారెన్‌హైట్ కన్నా కిందికి చల్లబరచని దానికే ఆ మాట వాడాలని నియమం ఉంది. దాన్ని మాత్రం విందుకు ఒకటి రెండు రోజుల ముందే తేవాలి, సైజు కావాలంటే ముందే ఆర్డరు చెప్పుకోవాలి.

ధర విషయంలో పెద్ద కోడి వైపు లాగే శక్తి బలంగా ఉంటుంది. ఫార్మ్ బ్యూరో లెక్క ప్రకారం 16 పౌండ్ల టర్కీ 2022లో 28.96 డాలర్లు ఉండగా 2024లో 25.67 డాలర్లకు తగ్గింది. 2022 ధరలో పక్షి జ్వరం వల్ల మందలు తగ్గిన ప్రభావం ఉంది. 2024 ధర పౌండుకు 1.60 డాలర్లు, వండిన మాంసం లెక్కన మూడున్నర డాలర్లు. మిగతా సరుకులు కొనడానికి జనం వస్తారని దుకాణాలు పండగ వారాల్లో టర్కీని నష్టానికి కూడా అమ్ముతాయి, ఫలానా మొత్తానికి సరుకులు కొంటే ఉచితంగా కూడా ఇస్తాయి. పౌండు ఇంత చవకగా వస్తున్నప్పుడు 12 బదులు 20 తీసుకుంటే పోయిందేముంది అనిపించడం న్యాయమే. తినకుండా పోయే ఎనిమిది పౌండ్లకు ఎంత తక్కువ ఇచ్చినా దండగే. ఒక జీవాన్ని పెంచి, చంపి, వారాల తరబడి చలిలో నిలవ ఉంచి, గంటల తరబడి వండి చివరికి పారేయడంలో పోయేది డాలర్లు మాత్రమే కాదన్నది కూడా ఈ లెక్కలోకి రావాలి. చవకగా దొరికినప్పుడు రెండో కోడి కొని ఫ్రీజర్‌లో అలాగే ఉంచి, డిసెంబరులో క్రిస్మస్‌కో జనవరిలో సంక్రాంతికో వండుకోవడం మాత్రం మంచి బేరమే. గడ్డకట్టి ఉన్నంతకాలం దానికి ఏమీ కాదు.

మిగిలిన మాంసానికి గడువు ఉందన్న సంగతి కూడా కొనేటప్పుడే గుర్తుండాలి, ఎందుకంటే ఎంత అదనంగా కొనాలన్నదానికి ఆ గడువే హద్దు. ఓవెన్ నుంచి దించిన రెండు గంటల్లోగా మాంసాన్ని ఎముక నుంచి విడదీసి, లోతు తక్కువ గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గూడును ఉన్నపళంగా పెడితే మధ్య భాగం చల్లబడటానికి గంటలు పడుతుంది. అలా గోరువెచ్చగా ఉండిపోయిన మాంసంలోనే క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. సెలవు రోజుల విందుల తర్వాత వచ్చే కడుపునొప్పి, విరేచనాలకు అది పేరుమోసిన కారణం. ఫ్రిజ్‌లో పెట్టినది మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, అంటే గురువారం మాంసానికి సోమవారం ఆఖరు. ఆ నాలుగు రోజుల్లో ఇంట్లోవారు నిజంగా ఎన్ని పూటలు టర్కీ తింటారు? మొదటి రోజు శాండ్‌విచ్, రెండో రోజు పీచులు తీసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మిరియాల పొడితో వేపుడు, మూడో రోజు పులావు. అంతకు మించి ఎవరికీ దాని మీద మనసు పోదు. ఇంకా ఉంటుందనుకుంటే మొదటి రాత్రే చిన్న పొట్లాలుగా కట్టి ఫ్రీజర్‌లో వేసుకోవాలి; రెండు నుంచి ఆరు నెలల దాకా రుచి నిలుస్తుంది. ఎముకల గూడును మిరియాలు, అల్లం వేసి మరిగిస్తే దిగే రసం చలికాలంలో రెండు పూటలకు సరిపోతుంది.

చివరి వారంలో అతిథుల సంఖ్య మారడం మామూలే. ముగ్గురు ఎక్కువ వస్తున్నారని ఆదివారం తెలిస్తే, ఫ్రిజ్‌లో కరుగుతున్న 13 పౌండ్ల కోడిని పక్కన పెట్టి 18 పౌండ్లది తేవాల్సిన పనిలేదు. ఎముకతో ఉన్న 5 పౌండ్ల బ్రెస్ట్ ఒకటి అదనంగా తెస్తే అది ఒకటిన్నర రోజులోపే కరుగుతుంది, సుమారు కిలో మాంసం ఇస్తుంది, కోడి ఓవెన్‌లో ఉండగానే ఒక పక్కన సర్దుకుపోతుంది. బుధవారం సాయంత్రం తెలిస్తే కరిగించే వ్యవధి ఉండదు కాబట్టి గడ్డకట్టని తొడలో కాళ్లో తెచ్చుకోవాలి. ముగ్గురు తగ్గితే మాత్రం చేయాల్సింది ఇంకా తేలిక: ఆ మేరకు మాంసాన్ని విందు రాత్రే పొట్లాలు కట్టి, ఇళ్లకు వెళ్లే అతిథుల చేతికి ఇచ్చి పంపడం. అందుకు మూతలున్న డబ్బాలు టర్కీతోపాటే కొని ఉంచుకోవాలి.